ఊపిరి ఎవరిదో తేలిన సాయంత్రం

పూర్ణా మార్కెట్ వెనక సందులో వాయిద్యాలు బాగుచేసే కరీంకి అరవై రెండేళ్ళు. పెళ్ళి బ్యాండ్ల వాళ్ళ ట్రంపెట్లు, క్లారినెట్లు మూగబోతే ఆయన దగ్గరికే వస్తాయి. ఆయన వాయిస్తాడన్న సంగతి మాత్రం పోయినేడాది దాకా ఆ సందు దాటితే ఎవరికీ గుర్తులేదు.

తండ్రి బ్యాండులోనే పదహారేళ్ళకి శాక్సోఫోన్ పట్టుకున్నాడు కరీం. పోర్టుకి వచ్చిన ఓడల వాళ్ళు బజార్లో అమ్మేసి పోయిన క్యాసెట్లలో జాజ్ విన్నాడు. అందులో వాయించేవాడు పాటని అప్పజెప్పడు, అక్కడికక్కడే కొత్తగా అల్లుకుంటూ పోతాడు. ఆ రుచి తగిలాక పెళ్ళిపాటలు ఆయనకి ఇరుకైపోయాయి. ఫ్లూటు కూడా నేర్చుకున్నాడు. రెండూ వాయించేవాళ్ళు చాలామందే ఉంటారు. కరీం మాత్రం ఫ్లూటు మీద ఎత్తుకున్న మాటని శాక్సోఫోన్ మీద ముగించేవాడు. చిన్నపిల్ల ఏదో అడిగితే గొంతు బొంగురుపోయిన తాత జవాబు చెప్పినట్టుండేది.

గోపాలపట్నంలో ఉండే దేవీప్రసాద్ కీబోర్డు వాయించేవాడు. బీచ్ రోడ్డులో ఒక హోటల్లో ఇద్దరూ ఎనిమిదేళ్ళు ప్రతి సాయంత్రం కలిసి వాయించారు. బావా అంటే బావా అనుకున్నారు. 2004లో ‘లంగరు’ అని ఒక ఆల్బమ్ చేశారు. స్వరాలు కరీం కట్టినవే. ఫ్లూటు, శాక్సోఫోన్ రెండూ ఆయనే వాయించాడు. ఆల్బమ్ బయటికి వచ్చేసరికి అట్ట మీద శాక్సోఫోన్ పట్టుకుని దేవీప్రసాద్ నిలబడి ఉన్నాడు. ఇంట్లో చూపించి తెస్తానని అతను ఒక పూట తీసుకెళ్ళిన కరీం శాక్సోఫోనే అది. లోపల ఎక్కడా కరీం పేరు లేదు.

కరీం హోటల్‌కి వెళ్ళి బ్యాండు వాళ్ళందరి ముందూ అడిగాడు. దేవీప్రసాద్ తడబడలేదు.

“పెళ్ళి బ్యాండోడి పేరు అట్ట మీద ఏస్తే ఎవుడు కొంతాడు బావా?”

అందరూ నవ్వారు. ఏం చెయ్యాలో తెలియక కరీం కూడా కొంచెం నవ్వాడు. ఆ తర్వాత దేవీప్రసాద్ మాట కంటే తన నవ్వే ఆయన్ని ఎక్కువ కోసింది. మళ్ళీ ఆ హోటల్ మెట్లెక్కలేదు.

అల్లాకి వదిలెయ్యమని భార్య ఫిర్దౌస్ ఎన్నోసార్లు చెప్పింది. “అల్లాకి సాలా పన్లున్నాయి. ఇది నాను సూసుకుంటాను” అనేవాడు.

ఇరవై ఏళ్ళు చూసుకున్నాడు. మధ్యాహ్నం నమాజు కాగానే కొట్టు తలుపు మూసుకుని రెండు గంటలు సాధన చేసేవాడు. అవతల దేవీప్రసాద్‌కి సన్మానాలు జరిగాయి, పేరు ముందు శాక్సోఫోన్ అనే బిరుదు చేరింది. ఎవరైనా వాయించమంటే అతను ఊపిరితిత్తులు బాగాలేవని, డాక్టర్లు ఊదొద్దన్నారని చెప్పి రికార్డు పెట్టేవాడు. ఆ వార్తలు పేపర్లో పడినప్పుడల్లా కరీం కత్తిరించి తలుపు లోపలివైపు అంటించేవాడు. సాధన చేసేటప్పుడు వాటికి ఎదురుగానే కూర్చునేవాడు.

పోయినేడాది ‘లంగరు’కి ఇరవై ఏళ్ళు నిండాయని రుషికొండలో ఒక రిసార్టు వాళ్ళు కచేరీ పెట్టారు. రికార్డు కుదరదు, మనుషులే వాయించాలన్నారు. దేవీప్రసాద్ ఇద్దరు కుర్రాళ్ళని పిలిపించి చూశాడు. ఫ్లూటు నుంచి శాక్సోఫోన్‌కి మారే చోట ఇద్దరూ చతికిలబడ్డారు. చివరికి స్వీట్ల డబ్బాతో పూర్ణా మార్కెట్ సందులోకి వచ్చాడు. కరీం ఒక్కటే షరతు పెట్టాడు. వాయించే ముందు, ఆల్బమ్‌లో వాయించింది కరీమేనని మైకులో చెప్పాలి. దేవీప్రసాద్ చేతులు పట్టుకుని ఒప్పుకున్నాడు.

అతను చెప్తాడనే నమ్మకం ఉందా అని ఆ రోజే ఫిర్దౌస్ అడిగింది.

“సెప్తే వాయిత్తాను. సెప్పకపోతే ఇంకా బాగా వాయిత్తాను” అన్నాడు కరీం.

కచేరీ సాయంత్రం దేవీప్రసాద్ మైకు అందుకుని, కరీం తన శిష్యుడని, తన ఆరోగ్యం సహకరించక ఆ పాటలన్నీ ఇతనికి నేర్పానని చెప్పాడు. కరీం వంగి అందరికీ సలాం చేసి ఫ్లూటు ఎత్తాడు.

నలభై నిమిషాలు వాయించాడు. మెల్లగా, పక్కింటి వాళ్ళకి వినపడకూడదన్నట్టు మొదలుపెట్టాడు. శాక్సోఫోన్ అందుకున్నాక మాత్రం ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఫోన్లు ఒళ్ళో పెట్టేసుకున్నారు. కోపాన్ని అంత అందంగా, అంత తాపీగా వాళ్ళెప్పుడూ వినలేదు. ఒక స్వరాన్ని పట్టుకుని ఇంక చాలనిపించేదాకా సాగదీసి, సరిగ్గా అప్పుడే వదిలేవాడు. ‘లంగరు’లోది ఒక్క ముక్క కూడా వాయించలేదు.

దేవీప్రసాద్ ఇంక ఆగలేకపోయాడు. తనే కీబోర్డు మీద ‘లంగరు’లో మొదటి పాట ఎత్తుకున్నాడు. కరీం అందుకోవలసిన చోటు వచ్చింది. ఆయన మెడలోంచి శాక్సోఫోన్ తీసి, నడిచి వెళ్ళి దేవీప్రసాద్ మెడలో వేశాడు. మైకు దగ్గరికి లాక్కుని నెమ్మదిగా అన్నాడు.

“అట్ట మీద ఫోటోలో నువ్ పట్టుకున్నది ఇదే బావా. పట్టుకోడం నీకొచ్చు. ఇప్పుడు ఊదు.”

డ్రమ్ము ఆగిపోయింది. మూడు వందల మంది చూస్తున్నారు. దేవీప్రసాద్ దాన్ని నోటికి పెట్టుకున్నాడు. మొదట గాలి వచ్చింది, తర్వాత గొంతు నొక్కిన బాతు అరుపు లాంటిదేదో వచ్చింది. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముందు వరసల దాకా పాకింది.

అది పూర్తిగా చల్లారేదాకా కరీం ఆగాడు. తర్వాత శాక్సోఫోన్ వెనక్కి తీసుకుని, జేబురుమాలుతో దాని మూతి తుడిచి, ఆ పాట మొదటి నుంచి చివరి దాకా వాయించాడు. రెండో చరణానికే ఇరవై ఏళ్ళుగా తాము విన్న ఊపిరి ఎవరిదో జనానికి తెలిసిపోయింది. చప్పట్ల మధ్య దేవీప్రసాద్ ఎప్పుడు వేదిక దిగిపోయాడో ఎవరూ గమనించలేదు.

రెండో రోజు దేవీప్రసాద్ భార్య గౌరీశ్వరి ఫోన్ చేసింది. ఆయన గదిలోంచి రావడం లేదని, అది ఇద్దరూ కలిసి ఆడిన వేళాకోళమని ఒక్క మాట చెప్పమని ఏడ్చింది. హోటల్ రోజుల్లో ఆమె చేతి అన్నం కరీం చాలాసార్లు తిన్నాడు. 

“ఆ రోజు హోటల్లో నవ్వినోళ్ళందర్నీ పోగెయ్ సెల్లెమ్మా. ఆళ్ళ ముందు సెప్తాను” అని ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు నెలకోసారి రిసార్టు వాళ్ళు కరీంని పిలుస్తున్నారు. ఆయన పేరు చూసే జనం వస్తున్నారు. దేవీప్రసాద్ ఇంక ఎక్కడా వేదిక ఎక్కలేదని విన్నప్పుడు, కాస్తయినా జాలి వెయ్యలేదా అని ఫిర్దౌస్ అడిగింది. వేస్తుందేమోనని తనూ నాలుగు రోజులు ఎదురుచూశానని, వెయ్యలేదని చెప్పి, ఇంకొంచెం కూర వడ్డించమన్నాడు కరీం.