వెనక గార్డు లేని బండి

తెల్లవారగానే మా సందులోకి ముందు ఒక పొడుగాటి హారన్ వచ్చేది. కారు హారనే. కానీ అడ్డమొచ్చిన మేకనో ఆటోనో తిట్టే చప్పుడు కాదు. చాలా దూరం పోబోతున్నానని గాలికి చెప్పుకునే కూతలా ఉండేది. ప్రహరీ మీది పావురాలు లేచి, కాసేపు ఆకాశంలో తచ్చాడి, మళ్ళీ వాలేవి. ఎదురింటి మొగిలమ్మ చీపురు పట్టుకునే కేకేసేది: "పాషాభాయ్ గూడ్సు బండి తీస్తాండు, పోరగాండ్లను లోపటికి పిలువుండ్రి!"

ఆ తర్వాత గేటులోంచి బూడిదరంగు కారు ముక్కు, దాని వెనక స్టీరింగును కౌగిలించుకున్న ఖాజా పాషా మెల్లగా బయటపడేవారు. లెర్నింగ్ లైసెన్సు మీద నడిపేవారి పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి. అందుకని పక్కింట్లో ఉండే నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవారు.

కాజీపేట నుంచి గూడ్సు రైళ్ళు నడిపి రిటైరైన మనిషి ఆయన. రైలుకు స్టీరింగు ఉండదు. పట్టాలు ఎటు వంగితే బతుకూ అటే వంగేది. ఆయన చేతులకు ఆపడం బాగా తెలుసు, తిప్పడమే తెలియదు. మొదటిసారి డ్రైవింగ్ పరీక్షలో ఎనిమిది అంకె ఆకారపు ట్రాకులోకి దిగి, మలుపు వస్తుంటే దానివైపు నమ్మకంగా చూస్తూ ఉండిపోయారట, దారే తనను తిప్పుకుంటుందన్నట్టు. కారు ఎంతో మర్యాదగా ట్రాకు పక్కనున్న గట్టు ఎక్కింది.

రెండోసారి తిప్పడం నేర్చుకునే వెళ్ళారు. కానీ బండి తీసే ముందు కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూస్తూ కూర్చున్నారు. "ఎవరికోసం చూస్తున్నారండీ?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్ సుభాషిణి. "గార్డు ఇంకా పచ్చజెండా ఊపలే" అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నారు. రివర్సు కూడా అద్దం చూడకుండా, తల బయటపెట్టే చేశారు. రెండోవైపు పాతిన కర్ర పడిపోయింది.

ఈ కబురు నెక్కొండ దాకా పోయింది. అక్కడ బావమరిది షకీల్ ఉన్నాడు. ఎప్పుడు ఎటు పోవాలన్నా ఆయన కారును అతనే వచ్చి నడిపేవాడు. కారుగల మారాజు పక్క సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు.

"దుల్హాభాయ్, స్టీరింగే లేని బండి నడిపి ఇన్నేండ్లు జీతం తీసుకున్నవా?" అనేవాడు షకీల్ బావను, గేరు మారుస్తూ.

ఇప్పుడు షకీల్ కూతురు ఐమన్ మంగ్ని, అంటే నిశ్చితార్థం, కుదిరింది. పాషా గారి భార్య సుల్తానా బేగం పుట్టింటి వేడుక. లెర్నింగ్ గడువేమో దగ్గరపడింది.

"షకీల్ రావొద్దు. నేనే తోల్కపోత" అన్నారు పాషా.

"పాసైతే నువ్వు, కాకుంటే షకీల్. గంతే" అంది బేగం. తర్వాత నావైపు తిరిగి, "మా అమ్మగారింటి పెరడు రైలు పట్టాల పక్కనే బిడ్డా. నేను పోయినప్పుడల్లా ఈయన బండి ఆ పట్టాల మీదనే పోయేది. చెయ్యి ఊపేటోడు. ఒక్కనాడన్న దిగలె" అంది.

"గూడ్సు బండిని అత్తగారింటి ముందట ఆపుతరా? నౌకరి పోదా?"

"కారుకేమైంది మరి? దీన్నన్న ఆపు."

ఊరి బయటి ఖాళీ స్థలంలో బేగం బకెట్లు బోర్లించి ఎనిమిది అంకె వేసింది. తను వెనక సీట్లో కూర్చుంది. రైలింజనులో సిగ్నల్ కనిపిస్తే డ్రైవరు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి అనాలి. అలా తప్ప పాషా గారికి ఏ పనీ తలకెక్కదు.

"సీటు బెల్టు!"

"సీటు బెల్టు!" అంది బేగం.

"ఎడమ అద్దం!"

"ఎడమ అద్దంల కుక్క పండుకున్నది, జర ఆగవయ్యా!"

అద్దం చూసే అలవాటు మాత్రం ఆయనకు విచిత్రంగా అబ్బింది. నడిమి అద్దంలో బేగం ముఖం ఉండేది. ఎండ ఆమె ముక్కుపుడక మీద వాలి లేచేది. పాషా గారు మాటిమాటికీ అద్దం చూడసాగారు. "ఇగ చాలు, ముందటికి గూడ చూడు" అని ఆమే కసిరేది.

పరీక్ష రోజు ఆ అద్దం ఖాళీగా ఉంది. బేగం, నేను కంచె ఇవతల నిలబడ్డాం. సుభాషిణి మేడం ఆయన పక్కన కూర్చుంది.

"సీటు బెల్టు!" అన్నారు పాషా. కారులో జవాబు లేదు. కారు కదల్లేదు.

"సీటు బెల్టు!" కంచె ఇవతలి నుంచి బేగం అరిచేసింది.

"అమ్మా, ఈ పరీక్ష మీదా, ఆయనదా?" అంది మేడం కిటికీలోంచి. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. బేగం దుపట్టాతో నోరు మూసుకుంది. కారు ఇంకా కదల్లేదు. బేగం చేయి కంచె తీగను గట్టిగా పట్టుకుంది.

అప్పుడు కారులోంచి రెండు గొంతులు వినిపించాయి. ఒకటి లావుపాటిది: "ఎడమ అద్దం!" ఇంకోటి సన్నగా, సాగదీసినట్టు: "ఎడమ అద్దం మంచిగనే ఉన్నది, ఇగ పోవయ్యా!"

రెండూ ఆయనవే. మేడం ముఖం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కారు ఎనిమిది మీద వాగు వంపు తిరిగినట్టు తిరిగింది. ఎత్తు మీద ఆగి, వెనక్కి జారకుండా కదిలింది. మలుపు మలుపుకీ ఇండికేటరు మిణుకుమంది. రివర్సులో కర్రలు రెండూ నిటారుగా నిలబడి ఆయన్ను సాగనంపాయి.

"పాస్" అంది మేడం దిగుతూ. "ఆ రెండో గొంతు ఎవరిదండీ?"

"మా ఇంటామెది మేడం. ఆమె లేకుంటే నాకు బండి కదలదు."

కంచె దగ్గర బేగం, "నా గొంతు గట్లుంటదా?" అని ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది.

మంగ్ని రోజు పొద్దున కారు గేటు బయట నిలబడి ఉంది. ముందు సీట్లో బేగం, ఆమె ఒళ్ళో మిఠాయి డబ్బాలు. డాష్‌బోర్డు మీద ఫోను మోగింది. షకీల్. పాషా గారు దాన్ని తీసి, నోరు నొక్కి, పక్క అరలో పెట్టేశారు. బెల్టు బిగించుకుని, అద్దాలు మూడూ చూసుకుని, కిటికీ దించి నాతో అన్నారు:

"ఇగ షకీల్ నీకు చేస్తడు బిడ్డా. చేస్తె చెప్పు, మీ దుల్హాభాయ్ ఇప్పుడు ఫోన్ ఎత్తడు, బండి నడుపుతాండని."