బొరుసు లేని నాణెం

మా వీధిలో ఆయన్ని అందరూ గుండీల బాబాయి అనేవాళ్ళు. ముప్పై రెండేళ్ళపాటు ఇత్తడి గుండీల ఫ్యాక్టరీలో అచ్చు మిషను మీద పనిచేశాడు. బ్యాండు వాళ్ళ కోట్లకూ, కాపలాదారుల చొక్కాలకూ కుట్టే మెరిసే గుండీలవి. మిషను చప్పుడు ఆయన వినికిడిలో సగం తినేసింది. ఆయనకు గుట్టుగా ఒక మాట చెప్పాలంటే వీధి మొత్తానికీ చెప్పాల్సి వచ్చేది. "మా ఇంట్లో దాపరికాలు లేవు, ఉండే వీలు లేదు" అని పిన్ని, అంటే ఆయన భార్య, నవ్వేది.

ఫ్యాక్టరీ మూతపడి ఏడేళ్ళయింది. ప్లాస్టిక్ గుండీలు వచ్చాక ఇత్తడి గుండీ ఎవరికి కావాలి? బాబాయి పైకి ఏమీ అనేవాడు కాదు. కానీ తన చేతిలోని పనితనం ఇక ఎవరికీ అక్కరలేదన్న దిగులు ఆయనలో ఉండేది. పేపరు చదువుతూ చదువుతూ భూతద్దం పక్కన పెట్టి, ఊరికే తన అరచేతులు చూసుకుంటూ కూర్చునేవాడు.

వాళ్ళు మేడమీద రెండు గదుల్లో ఉండేవారు. కింద టైలరమ్మ కొట్టు. ఆమె భర్త బస్సు డ్రైవరు, రెండేళ్ళ క్రితం పోయాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి వచ్చి, పిన్ని ఇచ్చిన మంచినీళ్ళు తాగి, కొంగుముడి విప్పి ఒక పాత రాగి నాణెం తీసింది. దీన్ని మీ పాత గుండీల డబ్బాలో పడేయండి, నా కంటికి కనపడకుండా ఉంటే చాలు, అంది.

సంగతి ఏమిటంటే, ఆ నాణేనికి బొరుసు లేదు. ఒక వైపు రాజుగారి తల మామూలుగా ఉబ్బెత్తుగా ఉంది. తిప్పి చూస్తే రెండో వైపు కూడా అదే తల, కాకపోతే లోపలికి గుంటపడి, అద్దంలో చూసినట్టు అటు తిరిగి ఉంది. డ్రైవరు తల్లి కూరగాయలు అమ్మేది. ఎప్పుడో చిల్లరలో వచ్చిందట. చెల్లదని పక్కన పెట్టి, ఆడుకోవడానికి కొడుక్కి ఇచ్చింది. అతను మాత్రం ఇది అసలుదే అని జీవితాంతం నమ్మాడు. చుట్టాలు కలిసినప్పుడల్లా అదే ఎకసెక్కం. "నీతో బొమ్మా బొరుసూ వేయకూడదురా" అని వదినల దగ్గర్నుంచి తోడల్లుళ్ళ దాకా అందరూ ఆటపట్టించేవాళ్ళు. అతను కూడా నవ్వేసి, నాణెం జేబులో వేసుకునేవాడు.

ఈమధ్య బీరువా సర్దుతుంటే టైలరమ్మకు ఆ నాణెం దొరికింది. ఆ వారమే ఆమె బస్టాండు పక్కన పాత నాణేల దుకాణానికి వెళ్ళింది. దుకాణదారు దాన్ని లైటు కింద పెట్టి చూడనుకూడా లేదు. ఇంట్లో కూర్చుని ఎవడో చేసిన పని ఇది, తల లోపలికి పోయిన నాణెం ఏ టంకశాలా కొట్టదు, అని గాజుబల్ల మీదికి విసిరాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

బాబాయికి వినపడాలని ఆమె ఇదంతా గొంతు చించుకుని చెప్పింది. చివర్లో నాణేన్ని ఆయన ముందుకు జరిపింది.

"నాకు దాని మీద ఏ ఆశా లేదు బాబాయ్ గారూ. ఆయన అమాయకుడని నలుగురూ అంటుంటే నేను కూడా నవ్వాను. అదే బాధ."

బాబాయి అప్పటికే భూతద్దం కంటికి ఆనించి ఉన్నాడు. టీ చల్లారిపోయిందని పిన్ని రెండుసార్లు కేకేసింది.

ఆఖరికి తలెత్తి, ఇలాంటి ముక్క నేను చూశాను, అన్నాడు.

పనిలో చేరిన కొత్తలో జరిగింది అది. అచ్చులోంచి రావాల్సిన గుండీ ఒకటి బయటపడకుండా పైనుంచి దిగి కొట్టే సుత్తికి అతుక్కుపోయింది. ఆయన గమనించలేదు. తర్వాత వచ్చిన ప్రతి బిళ్ళా కింద అచ్చుకూ, పైన అతుక్కున్న గుండీకీ మధ్య నలిగింది. ముందు పువ్వు ఉబ్బెత్తుగానే పడింది, వెనక అదే పువ్వు గుంటగా పడింది. అలా ఒక ట్రే నిండింది. అప్పట్లో ఆ విభాగాన్ని చూసే మేస్త్రమ్మ ఉండేది. మేనేజరు దాకా పోనిస్తే ఉద్యోగం ఆ రోజే ఊడేది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒక భూతద్దం ఆయన చేతిలో పెట్టి, సాయంత్రం దాకా ఆ గుండీలన్నీ ఒక్కొక్కటిగా చూసి ఏం జరిగిందో నువ్వే చెప్పు అని కూర్చోబెట్టింది.

"గుండీని కొట్టినా నాణేన్ని కొట్టినా మిషను మిషనే కదమ్మాయ్" అన్నాడు బాబాయి. "కానీ తొందరపడకూడదు. దొంగపని కాదని కూడా తేలాలి."

మర్నాడు ఇద్దరూ కంసాలి కొట్టుకు వెళ్ళారు. డ్రైవరు దాచుకున్న డబ్బాలో అదే రాజు నాణేలు మామూలువి మరో నాలుగు ఉన్నాయి. వాటితో త్రాసులో వేసి చూస్తే బరువు సరిగ్గా సరిపోయింది. రెండు నాణేలు కోసి అతికించి ఉంటే అంచున అతుకు కనిపించాలి. అంచు గీతలు ఎక్కడా తెగలేదు. పోతపోసిందైతే చిన్న చిన్న బుడగలు ఉండాలి, లేవు. ఇక మిగిలింది ఒకటే. రెండు నాణేలను ఇనప పట్టులో పెట్టి బిగిస్తే కూడా ఇలా గుంట బొమ్మ పడుతుంది. అలా చేస్తే మాత్రం ఉబ్బెత్తు వైపు ముఖం అణిగిపోతుంది, గుంట వైపు పాత బొరుసు జాడలు ఎంతో కొంత మిగులుతాయి. ఇందులో రాజుగారి మీసం వెంట్రుకలు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. బొరుసు జాడ వెతికినా లేదు.

అయినా ఆయన తనంతట తాను తీర్పు చెప్పలేదు. టైలరమ్మను వెంటబెట్టుకుని మ్యూజియానికి వెళ్ళాడు. అక్కడ నాణేల గది చూసే ఆఫీసరమ్మ చిన్న వయసుదే. ఏ మాటా తోసిపుచ్చకుండా ఆయన చెప్పిందంతా రాసుకుంది, నాణేన్ని తమ దగ్గరున్న వాటితో పోల్చింది, పది రోజులు గడువు అడిగింది. పదకొండో రోజున సంతకంతో ఉత్తరం ఇచ్చింది. నాణెం అసలైనదే, టంకశాలలో అచ్చు తప్పడం వల్ల అలా వచ్చింది, అని అందులో ఉంది. టైలరమ్మ దాన్ని నిలబడే రెండుసార్లు చదివింది.

"ఆయన అబద్ధం చెప్పలేదు" అంది నెమ్మదిగా, తనలో తాను అనుకున్నట్టు.

ఆ నెలలో చుట్టాలందరికీ ఆ ఉత్తరం చూపించింది. ఎవరినీ దెప్పలేదు. తోడికోడలు మాత్రం మరిదిని తలుచుకుని కళ్ళు తుడుచుకుందట.

బాబాయికి ఒక చొక్కా కుట్టి తెచ్చి, మీ మేలు మర్చిపోలేను అని టైలరమ్మ కాళ్ళకు వంగబోతే ఆయన వెనక్కి జరిగాడు. నాకు చూడటం నేర్పిన మనిషి వేరే ఉంది, ఆమె ముందు నేను ఎప్పుడూ ఈ మాట అనలేదు, అన్నాడు. పిన్ని ఊరుకోలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ ట్రే కథ మాకు చెబుతున్నావు, చెప్పాల్సిన మనిషికి చెప్పవేం అని నిలదీసింది. ఆ ఆదివారమే ముగ్గురూ బస్సెక్కారు.

మేస్త్రమ్మకు ఎనభై దాటాయి. ఊరి అవతల మనవరాలి ఇంట్లో, కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఆమె చెవులు కూడా అంతంతమాత్రమే. ఇద్దరూ అరుచుకుంటుంటే మనవరాలు భయపడి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. బాబాయి ఏమీ వివరించకుండా నాణెం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని, గుంట వైపు బొటనవేలితో తడిమింది.

"అతుక్కున్నాక పడిన మొదటి ముక్క ఇది" అంది. "రెండోదో మూడోదో అయితే పైన ఇరుక్కున్నది అణిగిపోయి, ముక్కు ఇంత పదునుగా దిగదు. ఆ రోజు గుండీలన్నీ వరసగా పేర్చమన్నాను కదరా, మర్చిపోయావా?"

మర్చిపోయాను అని బాబాయి ఒప్పుకున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, బడిపిల్లాడిలా నిలబడి తిట్లు తింటుంటే ముఖం వెలిగిపోయింది. తర్వాత ఆమె పక్కన నేల మీద కూర్చుని, దాచుకున్న మాట చెప్పాడు. నువ్వు ఆ రోజు నన్ను కాపాడావు, నా ఇల్లు నిలబడింది, ఈ అమ్మాయి భర్త మాట కూడా నిలబడింది, అన్నాడు. ఆ మాట మాత్రం ఆయన అరవలేదు. ఆమెకు వినపడిందో లేదో తెలియదు. ఆయన తల మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

టైలరమ్మ నాణేన్ని అమ్మలేదు. మ్యూజియం వాళ్ళు అడిగితే ఏడాదిపాటు అద్దాల పెట్టెలో పెట్టుకోమని ఇచ్చింది. ఇప్పుడు అనుమానపు నాణెం ఏది వచ్చినా ఆఫీసరమ్మ బాబాయికి కబురు పెడుతుంది. పిన్ని ఫోనెత్తి, విన్నది ఆయన చెవిలో అరిచి చెబుతుంది. ఆయన కొత్త చొక్కా వేసుకుని, బస్సు వచ్చే వేళకు పావుగంట ముందే స్టాపులో నిలబడతాడు.