అమ్మమ్మ సెలూన్ కుర్చీ

మా అమ్మమ్మకు కోపం వస్తే అందరిలా ముక్కు ఎర్రబడదు, చెవులు ఎర్రబడతాయి. ముందు ఎడమది, తర్వాత కుడిది. రెండూ ఎర్రబడ్డాక ఎవరి పని వాళ్ళు చూసుకోవడం ఆరోగ్యానికి మంచిది. సెలూన్ కుర్చీ మాటెత్తితే మాత్రం, ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఆ రెండు చెవులూ ఒకేసారి అంటుకుంటాయి. అందుకే నేను ఆ మాట ఎత్తడం మానను. ఏడో తరగతితో నా చదువుకు మంగళం పాడారు గానీ, అమ్మమ్మను ఎక్కడ గిల్లితే ఎంత దూరం పరిగెత్తాలో నాకు బాగానే తెలుసు.

కుర్చీ వచ్చిన రోజుల్లో మా అమ్మ వయసు రెండు నెలలు. కాబట్టి ఈ విషయంలో మా అమ్మ సాక్ష్యం చెల్లదు. తాతయ్యను అడిగితే ముందు అమ్మమ్మ వంక చూసి, తర్వాత నోరు తెరుస్తాడు. అదీ చెల్లదు. మిగిలింది అమ్మమ్మ. ఆవిడ చెప్పిందే రాస్తున్నాను, తిట్లు సగం తీసేసి.

అమ్మమ్మ చొక్కాలు కుట్టే కార్ఖానాలో కాలర్ల మనిషి. రోజంతా కాలర్లే. అక్కడ కూర్చునేవి వెనక ఆనుకోవడానికి ఏమీ లేని స్టూళ్ళు. ఆనుకుంటే నిద్రొస్తుందని యజమాని కనిపెట్టాడట. నాలుగేళ్ళు ఆ స్టూలు మీద వంగి వంగి ఆవిడ నడుము కొడవలైంది. కాన్పుకి సెలవు దొరికింది కదా, ఇంట్లోనైనా నడుం వాల్చుకోవచ్చు అనుకుంది, పాపం.

ఇంట్లో ఉన్నవి రెండు గదులు, ఓ ఇరుకు వంటిల్లు, రెండు కుర్చీలు, ఒక బల్ల. ఒక కుర్చీ మామగారిది, అంటే మా ముత్తాతది. ఒకటి అత్తగారిది, మా తాతమ్మది. బల్ల మీద తాతయ్య తాళాలూ మరమేకులూ స్క్రూడ్రైవర్లూ. తాతయ్య పని తలుపులకు తాళాలూ బందులూ బిగించడం. వీధిలో అందరి తలుపులూ వెన్నలా తిరిగేవి, మా ఇంటి తలుపు మాత్రం తొక్కిన పిల్లిలా అరిచేది. ఇక పిల్లకు పాలివ్వాలంటే అమ్మమ్మకు మిగిలింది గోడవారగా ఉన్న ట్రంకుపెట్టె. దాని గొళ్ళెం సరిగ్గా తొడకింద గుచ్చుకునేది.

"అత్తయ్యా, కాసేపు మీ కుర్చీలో కూర్చోనా?" అని ఒక్కసారి అడిగింది.

"కూర్చో తల్లీ, నాదేముంది," అంటూ తాతమ్మ లేవకుండా కాళ్ళు మాత్రం పక్కకు జరిపింది.

అంతే. మళ్ళీ అడగలేదు.

మధ్యాహ్నాలు పిల్లను గుడ్డతో గుండెకు కట్టుకుని పాతసామాన్ల వీధికి పోయేది. ఆ ఒక్క గంటే ఆవిడ సుఖం. అక్కడ చెయ్యి పెడితే ఖాళీగా రాదు. పెచ్చు లేచిన ఎనామిల్ బేసిన్ తెచ్చింది, పిల్ల స్నానానికి సరిగ్గా సరిపోయింది. మూడు ఊలు మేజోళ్ళు తెచ్చింది. మూడెందుకంటే, నాలుగోది దొరక్క చవగ్గా ఇచ్చాడట. "ఈసారి మూడుకాళ్ళ మనవరాలిని కంటావా, చిటపటా?" అంది తాతమ్మ. అమ్మమ్మకు ఆ పేరు పెట్టింది ఆవిడే. నూనెలో ఆవగింజలు పోసిపెట్టి, చిటపటలాడతాయేం అని అడగడం ఆవిడకు అలవాటు.

ఆ వీధి చివర సెలూన్ ఆయన దుకాణం ఎత్తేస్తున్నాడు. తమ్ముడి దుకాణంలో చేరతాడట. కుర్చీ మాత్రం తుక్కుకి వేసేస్తానన్నాడు. పంపు బిగుసుకుపోయింది, పైకి లేవదు, కిందికి దిగదు. అమ్మమ్మ ఊరికే కూర్చుని చూసింది. వీపు వెనక మెత్త. తల వెనక మెత్త. కాళ్ళ కింద ఇనప పలక. చేతికింద వెడల్పాటి పట్టె, పిల్ల తలకి కొలత తీసి చేసినట్టుంది.

"లేవమ్మా, తుక్కాయన వస్తాడు," అన్నాడు సెలూన్ ఆయన.

"లేవను. మీ తమ్ముడి దుకాణానికి మెడకు చుట్టే గుడ్డలు కావాలా?"

"కావాలి..."

"ఆరు కుట్టి ఇస్తాను, అంచులు రెండు మడతలేసి. కుర్చీ నాది."

"ఎనిమిది."

"ఆరు. మాట్లాడితే ఐదు."

అలా వచ్చింది కుర్చీ. తాతయ్యా, ఇంకో ఇద్దరూ రెండు ముక్కలుగా విప్పి మెట్లెక్కించారు. లోపలి గది తలుపులోంచి పట్టలేదు. ముందు గదిలో కిటికీ పక్కన బిగించారు. తాతయ్య నాలుగు రోజులు నూనెలు పోసి పంపు కదిపాడు. కాలితో తొక్కితే కుర్చీ పైకి లేచేది, ఇంకోసారి తొక్కితే నిట్టూర్చి దిగేది. అమ్మమ్మ దాన్ని కిటికీ వైపు తిప్పుకుని, కాళ్ళు పలక మీద పెట్టుకుని, పిల్లకు పాలిచ్చింది. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో వీపు దేనికైనా ఆనించడం అదే మొదలట.

ఆ సుఖం ఎన్నాళ్ళు? సరిగ్గా ఒక పూట.

ఎందుకంటే మా ముత్తాత ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరు. ఆయన ఉద్యోగం దిగినా, ఉద్యోగం ఆయన మీంచి దిగలేదు. ఖాళీ సీటు కనిపిస్తే ఆయన ప్రాణం విలవిల్లాడేది. అమ్మమ్మ పిల్ల గుడ్డ మార్చడానికి ఇలా లేచిందో లేదో, మెట్ల మీద పోయే పాలాయన్ని పట్టుకొచ్చేవాడు. "రా నాయనా, లోపలికి జరుగు, ఖాళీ ఉందిగా." పాలాయన తర్వాత కరెంటు మీటరు చూసేవాడు. వాడి తర్వాత పై అంతస్తు ముసలాయన. సెలూన్ కుర్చీ కదా, ఆయన అలవాటుగా గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడట.

అన్నింటికంటే పెద్ద పీడ ముత్తాత పాత జోడీ, డ్రైవరు. మనిషి ధాన్యం బస్తా. కూర్చున్న రెండు నిమిషాల్లో గురక.

"మామయ్యా, పిల్ల ఏడుస్తోంది. ఆయన్ని కాస్త..."

"కూర్చున్న మనిషిని లేపడం మన ఇంటా వంటా లేదమ్మా. వాళ్ళ స్టాపు రానీ."

"ఆయన స్టాపు ఎప్పుడొస్తుంది?"

"భోజనాల వేళకి," అంది తాతమ్మ వంటింట్లోంచి. "అయినా దిగితే కొంపలు మునిగే సింహాసనమా అది? మేమంతా పిల్లల్ని నేలమీద కూర్చుని పెంచలేదూ?"

అమ్మమ్మ మళ్ళీ ట్రంకుపెట్టె మీదికి. తాతయ్యతో చెబితే, "నాన్న సంగతి తెలుసుగా," అని మరమేకులు ఏరుకున్నాడు. ఈ చోటికి వచ్చేసరికి నాకే ఒళ్ళు మండుతుంది. కన్నది ఆవిడ, కుట్టింది ఆవిడ, తెచ్చింది ఆవిడ. గొళ్ళెం గుచ్చుకునేదీ ఆవిడకే! తాతయ్యను అప్పుడప్పుడూ అడుగుతాను, "నీకు నోరు అప్పటికింకా రాలేదా తాతయ్యా?" అని. "వచ్చింది గానీ బిగుసుకుపోయింది," అంటాడు.

అమ్మమ్మ ఉపాయాలు మొదలెట్టింది. లేచేటప్పుడల్లా సీటు మీద పిల్ల గుడ్డలు కుప్ప పోసింది. ముత్తాత వాటిని చక్కగా మడిచి, "లగేజీ కింద పెట్టాలమ్మా," అని కింద పెట్టాడు. ఆవిడ చొక్కాల డబ్బా అట్ట చింపి, "పిల్లతల్లికి మాత్రమే" అని బొగ్గుతో రాసి కుర్చీకి కట్టింది. అట్టను చూడగానే ముత్తాత నిటారుగా నిలబడ్డాడట. బోర్డు మీద రాసింది ఆయనకు దేవుడి మాట. వంకరగా ఉందని సరిచేసి మరీ కట్టాడు. ఆ రోజు డ్రైవరుకు నేల చూపించాడు. మర్నాడూ అంతే. రెండు రోజులు మా అమ్మమ్మ మహారాణి.

మూడో రోజు పిల్లను పడుకోబెట్టి వచ్చేసరికి కుర్చీలో కింది అంతస్తు అమ్మాయి, ఒళ్ళో నెల పిల్లాడు.

"పాపం, మెట్ల మీద నిలబడి ఉంది. పిల్లతల్లే," అన్నాడు ముత్తాత, బోర్డు చూపించి.

ఆ అమ్మాయి కళ్ళు అప్పటికే మూతలు పడుతున్నాయి. ఏమంటుంది? అమ్మమ్మకు ఆ నడుం నొప్పి తెలియనిదా? వారం తిరిగేసరికి వీధిలో పాలిచ్చే వాళ్ళంతా మా మెట్ల మీద వరసకట్టారు. ముత్తాత ముఖంలో వెలుగు. తోసుకోవద్దంటాడు, చిన్న పిల్లలకు ముందంటాడు. అమ్మమ్మ వరసలో నాలుగోది. తన ఇంట్లో, తన కుర్చీకి, నాలుగోది!

సెలవు ఇంకా పన్నెండు రోజులుంది. ఆ తర్వాత మళ్ళీ స్టూలు. ఆ పన్నెండు రోజులన్నా ఆ కుర్చీ దక్కకపోతే ఈ జన్మకు దక్కదని ఆవిడకు తెలుసు. పనిలో ఎప్పుడు చేరాలో రాయించుకోవడానికి ఒక ఉదయం కార్ఖానాకు వెళ్ళింది. పిల్లను అత్తగారికి అప్పగించింది. అక్కడ గంటన్నర నిలబెట్టారు. రొమ్ములు బరువెక్కి, జాకెట్టు తడిసి, పరుగున ఇంటికొచ్చింది. మెట్ల దగ్గరే పిల్ల ఏడుపు వినిపించింది.

కుర్చీలో డ్రైవరు. గురక పెడుతున్నాడు. ఆయన ఒళ్ళో మా అమ్మ, పిడికిళ్ళు బిగించి, నీలంగా మారేదాకా ఏడుస్తోంది.

"ఇదేంటి మామయ్యా?"

"పాపం, మోకాళ్ళు నొప్పన్నాడు. బోర్డు ఉంది కదా, అందుకని పిల్లను చేతికిచ్చాను," అన్నాడు ముత్తాత. నిజంగానే తప్పేముందో ఆయనకు తెలియలేదు. "రూలు ప్రకారం పిల్ల ఉండాలి. ఉంది."

"తల్లి ఉండాలా వద్దా?"

"తల్లి ఊళ్ళో లేకపోతే సీటు ఖాళీగా తిప్పుతామా?"

అమ్మమ్మ పిల్లను లాక్కుంది. తర్వాత కాలితో పంపును ఒక్క తొక్కు తొక్కింది. కుర్చీ దబ్బున దిగింది. డ్రైవరు "బ్రేకు! బ్రేకు!" అని అరుస్తూ లేచాడు.

"ఇది బస్సు కాదు మామయ్యా! ఇల్లు! ఇది సీటు కాదు, నా కుర్చీ! ఆరు గుడ్డలు కుట్టి తెచ్చుకున్నాను. పాలాయనకీ కాదు, మీటరు చూసేవాడికీ కాదు, ఈ బస్తాకీ కాదు!"

"ఏంటా నోరు? పెద్దాయనతో..." అంటూ తాతమ్మ గరిటెతో వచ్చింది.

"మీరు ఆగండి అత్తయ్యా. పిల్ల ఇంతసేపు ఏడుస్తుంటే మీ పొయ్యి దగ్గర్నుంచి మీరు కదిలారా?"

తాతమ్మ గరిటె వంక చూసుకుంది.

సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం భోజనానికి తాతయ్య వచ్చాడు. గుమ్మంలోనే విషయం అర్థమై వెనక్కి తిరగబోయాడు.

"ఇదిగో, ఎక్కడికి? లోపలి గది తలుపు ఊడదీయండి."

"ఎందుకే?"

"కుర్చీ లోపలికి పోవాలి."

"నాన్న ఏమంటారో..."

"మీరు తీస్తారా, నన్ను గొడ్డలి అడిగి తెచ్చుకోమంటారా?"

తీశాడు. స్క్రూ ఒక్కటీ జారలేదట, పనివాడు పనివాడే. అయినా కుర్చీ రెండు వేళ్ళ మేర పట్టలేదు.

"చేతిపట్టె ఒకటి తీసేస్తే సరిపోతుంది," అన్నాడు మెల్లగా.

"పట్టె తీస్తే పిల్ల తల ఎక్కడ పెట్టను, మీ నెత్తిన పెట్టనా? ద్వారబంధం తీయండి."

"ఇల్లు అద్దెకిచ్చినాయన చంపేస్తాడే!"

"ముందు నేను చంపుతాను. ఆయనదాకా రాదు."

ద్వారబంధం ఊడింది, గోడ పెచ్చులతో సహా. డ్రైవరు సిగ్గుపడి భుజం పట్టాడు. కుర్చీ ఆ సందులోంచి అంగుళం అంగుళం జరుగుతుంటే ముత్తాత ఉండబట్టలేక గోడ పక్కన చేరాడు. "రానీ... రానీ... ఎడమకి కొట్టు... ఆగు... రైట్, రైట్!" ఇక్కడికి రాగానే నేను ప్రతిసారీ పగలబడి నవ్వుతాను. అమ్మమ్మ నవ్వదు. "నీకు నవ్వు రాదా?" అంటే, "నీ ఒళ్ళో పిల్ల ఆకలికి ఏడిస్తే అప్పుడు నవ్వు," అంటుంది.

కుర్చీని లోపలి గదిలో, చిన్న కిటికీ కింద దించారు. అమ్మమ్మ అట్టబోర్డు తెంపి పొయ్యిలో వేసింది. దుప్పటి ఒకటి ఊడిన గుమ్మానికి అడ్డంగా కట్టింది. కూర్చుంది. మా అమ్మ గుక్క తిప్పుకోకుండా తాగింది, ఒకవైపు, తర్వాత రెండోవైపు, తాగుతూ తాగుతూనే నిద్రపోయింది. అమ్మమ్మ కాళ్ళు ఇనప పలక మీద చాపి, తల వెనక్కి వాల్చింది.

దుప్పటి అవతల వరసగా గొంతులు. ముందు తాతమ్మ: "పొయ్యి మీద కుండ దించేవాళ్ళు లేరు!" కాసేపటికి మాడిన వాసన. తర్వాత ముత్తాత దగ్గు. చివరికి తాతయ్య దుప్పటి అంచు రెండు వేళ్ళతో పైకెత్తాడు.

"పిల్ల పడుకుందా?"

"పడుకుంది."

"మరి లేస్తావా? అందరికీ ఆకలిగా ఉంది."

"లేవను."

"ఎప్పుడు లేస్తావు?"

"చెప్పను. వెళ్ళి వడ్డించుకోండి."

తాతయ్య దుప్పటి వదిలేశాడు. అవతల గిన్నెలు తడుముకుంటున్న చప్పుడు, ఉప్పు ఎక్కడుందని ముగ్గురూ ఒకరినొకరు అడగడం వినిపించింది. పొద్దున్న ఉప్పు జాడీ సర్దింది అమ్మమ్మే, ఎక్కడుందో తెలుసు. చెప్పలేదు.