కోసేసిన చివరి పేరా

1962. నెల్లూరులో ఒక దినపత్రికకు నేను సబ్ ఎడిటర్‌ని. వచ్చిన మేటర్ దిద్ది, పేజీలో ఉన్న చోటుకు సరిపెట్టడం నా పని. వార్తలో ముఖ్యమైన సంగతి ముందే వస్తుంది కనుక, చోటు చాలకపోతే కింది పేరా కోసేస్తాం. అది చేతికి అలవాటైపోతుంది.

ఆదివారాలు ఒక మాస్టారు మాకు కాలమ్ రాసేవారు. ఆవకాయ జాడీనో అరిగిన చెప్పునో చూపించి వేదాంతం చెప్పేవారు. చదువు రానివాళ్ళు కూడా చదివించుకుని వినేవాళ్ళు.

ఒకనాడు తోటపల్లి గూడూరు వైపునుంచి పెంచలయ్య అనే మనిషి పోయిన ఆదివారం పేపరు పట్టుకుని వచ్చాడు.

“ఏంది సార్ ఈ రాతలు? మా బావ వేటకు పోయి సముద్రంలోనే పోయినాడు. ఇది మా అక్కకి నేనే చదివి వినిపించినా, నాదే బుద్ధి తక్కువ. తన కూడు ఆయనకి పెట్టి కూర్చోనుంది. వారమాయె, గంజినీళ్ళు తప్ప ముట్టలా. సాయంత్రానికి పళ్ళెం ఖాళీ. కుక్కలు తిన్నాయని నేనంటే ఒప్పుకోదు.”

అందులో కాలమ్ చూశాను. “రాని మనిషి కోసం ఎదురుచూడటం తప్పు కాదు. అతని వంతు అతనికి ఉంచండి” అని ముగిసింది. మాస్టారి రాతప్రతి తీశాను. కింద ఇంకో పేరా ఉంది: “మీ వంతు మీరు తినండి. ఆకలితో సోలిన కళ్ళకు ఎవరొచ్చినా ఆనరు.” ప్రకటన కోసం నేనే కోసేశాను.

మాస్టారికి చెప్పాను. ఆయన చెప్పులు తొడుక్కున్నారు.

పెంచలయ్యతో మేము వాళ్ళ ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. గుడిసెలో పీట, దాని ముందు పళ్ళెంలో అన్నం, చేపల పులుసు. పెంచలయ్య అక్క రమణమ్మ గోడకు ఆనుకుని వాకిలి వైపే చూస్తోంది. మేము లోపలికి వచ్చినా ఆ చూపు మారలేదు.

మాస్టారు పీట మీద కూర్చున్నారు. పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టని మనిషి, పులుసు కలుపుకుని తినసాగారు.

“ఉప్పు సరిపోయిందా?” అంది రమణమ్మ. అడిగింది ఆయన్ని కాదని మాకు తెలుస్తూనే ఉంది.

మాస్టారు తల ఎత్తలేదు. “సరిపోయింది. నీ వంతు నువ్వు తిను.”

“రోజూ వస్తావు, తింటావు, పోతావు. ఈ మాట ఈపొద్దు గదా చెప్పినావు!” అంది నిష్ఠూరంగా.

పెంచలయ్య పరుగున పోయి తనింటినుంచి అన్నం తెచ్చాడు. రమణమ్మ తిన్నది.

తిరుగు బస్సు ఎక్కాం. మాస్టారు అన్నారు: “నేను కూర్చునేసరికి పీట వెచ్చగా ఉందయ్యా, ఎవరో అప్పుడే లేచినట్టు.”

ఆ రోజు నేను నేర్చుకున్నది ఒకటుంది. వార్తను కిందినుంచి కోయవచ్చు; ఎలా బతకాలో చెప్పే మాటను మాత్రం అలా కోయకూడదు. మరుసటి ఆదివారం, తప్పు నాదేనని రాసి, ఆ పేరా వేశాం. ఈసారి ప్రకటన ఆగింది.