పదకొండు బొట్ల మామ

కొత్తగా నేర్చుకున్న ముక్క ఒకటి బుర్రలో దూరితే లోకమంతా అదే కనిపించే వయసు ఒకటుంటుంది. తిరుపతిలో నేను బి.ఎస్సీ. చదువుతున్న కాలం అది. ఎప్పుడో మధ్యయుగాల్లో ఇటలీలో ఫిబొనాచీ అనే ఆయన ఒక జత కుందేళ్ళు నెలనెలా ఎన్ని జతలవుతాయో లెక్క వేశాడని, దాన్నుంచి ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు అంటూ ఒక వరస పుట్టిందని మా లెక్కల మాస్టారు చెప్పారు. వెనకటి రెండూ కూడితే ముందుది వస్తుంది. పొద్దుతిరుగుడు పువ్వులో గింజలు కూడా ఈ లెక్కనే ఉంటాయని విన్న రోజు నాకు అన్నం సయించలేదు. (లెక్కల పేపరు మాత్రం అంతకు ముందే ఒకసారి తప్పాను. అది వేరే సంగతి.)

ఆ పేపరు గట్టెక్కితే అలిపిరి నుంచి ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడతానని మా అక్క మొక్కుకుంది. గట్టెక్కాను. బంగారుపాళ్యం నుంచి అక్కా, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే బావా వచ్చారు. వంగి వంగి పెడుతూ ఎక్కిన అక్కకు గాలిగోపురం ఇంకో నాలుగు వందల మెట్లు ఉందనగా నడుము పట్టేసింది.

"ఈడ కాసేపు కూసోని నిదానంగా వస్తా. మిగిలినేటివి మీరు పెట్టండప్పా. ఒక్క మెట్టు కూడా ఇడవద్దండి," అని పక్క మండపంలో చతికిలబడింది. కింది రెండు వందలు నావి, పైవి బావవి అనుకున్నాం. బావ తన పొట్లం తీసుకుని పైకి వెళ్ళిపోయాడు.

ఒకటి, రెండు, మూడు మెట్లకు భక్తిగానే పెట్టాను. నాలుగో మెట్టు దగ్గర ఫిబొనాచీ గుర్తొచ్చాడు. పువ్వులో గింజల్ని ఆ వరసలో పేర్చిన దేవుడికి మెట్ల మీద మాత్రం అది నచ్చకపోతుందా? అయిదు, ఎనిమిది, పదమూడు... నూట నలభై నాలుగు. మొత్తం పదకొండు బొట్లతో రెండు వందల మెట్లు పూర్తిచేసి, బావ కంటే ముందే గోపురం నీడలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకున్నాను.

అక్క కళ్ళనీళ్ళతో వచ్చింది. "కింద రెండొందల మెట్లకి పదకొండే బొట్లు ఉండాయి! నా మొక్కు నాశనం చేసినారు గదా! ఎవురు పెట్టినారు ఆడ?"

"బావ," అన్నాను. నా రెండు చేతులూ అప్పటికే జేబుల్లో ఉన్నాయి. బావ చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. ఆయన నావైపు ఒక్కసారి చూశాడు.

"నడుం నొచ్చిందిమే. ఇప్పుడు పొయ్యి పెట్టేసొస్తా," అని అక్క చేతిలోని పసుపు కుంకుమ పళ్ళెం తీసుకుని మళ్ళీ కిందికి దిగాడు.

ఆనాటి నుంచి ఆయన మా బంధువులందరికీ 'పదకొండు బొట్ల మామ'. పెళ్ళిళ్ళలో వడ్డనకు నిలబడితే చాలు, "మామా, పదకొండు ఆకులకేనా, మాకూ ఏమన్నా వస్తాదా?" అనేవాళ్ళు. అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి. ఇరవై ఏళ్ళు నవ్వాను.

మొన్న మామిడికాయల కాలంలో వాళ్ళింటికి వెళ్ళి, ఉండబట్టలేక బావ ముందు బయటపడ్డాను.

"తెలుసులేరా అబ్బోడా," అన్నాడు. "నీకోసం మొక్కినేది మీ అక్క. నువ్వే ఎగ్గొట్టినావంటే తట్టుకుంటాదా? మళ్ళా ఆ బొట్లు సూస్తే, వెనక రెండూ కూడితే ముందరిది వస్తా ఉండాది. ఇదేమన్నా శాస్త్రమేమో, మద్దెలో పెడితే తప్పేమో అని కాసేపు ఆడనే నిలబడిపోయినా. ఎవురిదిరా ఆ లెక్క?"

చెప్పాను.

"ఆయప్ప కొండెక్కినాడా?"

"లేదు బావా. కుందేళ్ళ కోసం వేసిన లెక్క."

"అదీ సంగతి. కుందేలైతే ఎగిరెగిరి పోతాది. మనిషి ప్రతి మెట్టూ ఎక్కాల గదరా!"

లోపలి నుంచి మామిడి ముక్కల పళ్ళెంతో వచ్చిన అక్క అంతా విన్నట్టుంది. పళ్ళెం మొత్తం బావ ముందు పెట్టి, "ఆ రెండొందల మెట్లూ నువ్వు పొయ్యి పెట్టేసి రా. అప్పుడు తిందువు," అంది నాతో.

పోయిన శనివారం వెళ్ళాను. మోకాళ్ళు ప్రతి మెట్టుకూ తమ అభిప్రాయం చెప్పాయి. ఆ మండపం దగ్గర మొదలుపెట్టి, ఒకటి, రెండు, మూడు... నాలుగో మెట్టు దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. ఇరవై ఏళ్ళ వయసులో అంత తెలివిగా దాటి వెళ్ళిపోయిన మొదటి మెట్టు అదే.

దానికి రెండు బొట్లు పెట్టాను.