అలుకు

మా సారు ఏడాదంతా చెవి గీయించేవాడు. అదీ ఒకే చెవి. ప్లాస్టర్‌తో పోసిన ఎవరో తెల్లదొర చెవి. దాని తమ్మె ఒక పక్క విరిగిపోయింది, ఆ విరిగిన చోటు కూడా ఉన్నదున్నట్టు గీయాలి. కరీంనగర్‌లో మా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలను ఊరంతా బొమ్మల కాలేజీ అంటుంది. అక్కడ మొదటి సంవత్సరం వాళ్లమంతా ఆ చెవి చుట్టూ స్టూళ్లు వేసుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెన్సిళ్లు అరగదీసేవాళ్లం.

సారుకు మాటలు మూడే. "చూడు. తుడ్వు. మల్ల గియ్యి." ఎందుకు తుడవాలో చెప్పడు. అడిగితే స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద కొడతాడు. తనకు నేర్పినాయన కూడా అట్లాగే నేర్పాడట, అంతకు మించి నేర్పడం ఆయనకు తెలియదు. ఆయన మంచివాడని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ఇప్పటికీ చలికాలంలో నా ఉంగరపు వేలు నొప్పి పెడుతుంది, పెట్టినప్పుడల్లా ఆయన్ను తిట్టుకుంటాను.

మాది బోథ్. మా అవ్వ, అంటే మా అమ్మ, నాలుగైదు ఇళ్లలో అలికేది. పెండ, ఎర్రమట్టి కలిపి అరుగులు, గోడలు అలికి, ఆరినాక ఎర్రటి జాజురంగుతో అంచులు తీర్చేది. నాకు గీత పట్టుబడింది ఆ గోడల మీదే. కరీంనగర్ హాస్టల్లో మాత్రం అవ్వ వ్యవసాయం చేస్తుందని చెప్పుకున్నాను. నిజం రాసింది ఒక్కచోటే, కాలేజీ దరఖాస్తు ఫారంలో. అది సారు బల్ల మీదికి వెళ్తుందని అప్పుడు తట్టలేదు.

నాలుగో నెలలో ఒకరోజు సారు నా వెనక చాలాసేపు నిలబడ్డాడు. నేను తమ్మె కింది నీడ వేస్తున్నాను. ఇవాళైనా బాగుందంటాడేమోనని చూశాను. ఆయన అంతవరకు ఎవరితోనూ అనని మాట అన్నాడు.

"అలుకు."

అని ముందుకు వెళ్లిపోయాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రానికి నా పేరు అలుకుగుడ్డ. మెస్సులో పప్పు వడ్డించే ఆవిడ దాకా వెళ్లింది ఆ పేరు. మర్నాడు నేను పళ్లు బిగించి ఇంకా గట్టిగా పెన్సిల్ రుద్దాను. సారు వచ్చి చూసి, "అలుకుమన్న గదా, సమజ్ కాలేదా?" అని నా బొమ్మంతా తుడిచేశాడు. ఆ మర్నాడూ అంతే. రెండు నెలలు ఆయన అలుకు అనడం, నేను మొండికేసి పెన్సిల్ పట్టడం, ఆయన తుడిచేయడం.

అప్పుడే ఎన్నికలు దగ్గరపడ్డాయి. ప్రతిపక్షం వాళ్లకు ఏదో ఒకటి కావాలి, మా చెవి దొరికింది. "తెల్లోల్ల చెవులు గీయించే చదువు మన పిల్లలకు ఎందుకు?" అని గేటు ముందు టెంటు వేశారు. "ఆ చెవి గీసినోల్లే పెద్ద పెద్ద కళాకారులైన్రు" అని అధికార పక్షం వాళ్లు ఎదురు టెంటు వేశారు. టీవీలో రెండు పక్షాల మనుషులు గొంతులు చించుకున్నారు. ఒకాయన ఆ చెవి అసలు ఎవరిదో విచారణ జరిపి తేల్చాలన్నాడు. ఇందులో ఒక్కడు కూడా కాలేజీ లోపల అడుగు పెట్టలేదు. పాఠాలు పాతబడ్డాయన్నది నిజమే, కానీ ఆ నిజంతో వాళ్లకు పని లేదు.

నా సంగతి వాళ్ల చెవిన ఎవరు వేశారో తెలియదు. ఒక్కరోజులో గొడవ చెవి మీది నుంచి నా మీదికి వచ్చింది. అలికే తల్లి బిడ్డను సారు అలుకుగుడ్డ అన్నాడట. ఆయన గుడ్డ అనలేదు, అది మా క్లాసువాళ్లు తగిలించింది. నేను దిద్దలేదు. నన్ను టెంటులో ముందు వరసలో కూర్చోబెట్టారు. మంచినీళ్ల సీసా మూత తీసి మరీ ఇచ్చారు. పేపర్లో నా ఫోటో వచ్చింది. అంతవరకు నన్ను పక్క స్టూలు పిల్ల కూడా సరిగ్గా చూసేది కాదు. చెప్పడానికి సిగ్గేమీ లేదు, నాకు బాగుండింది. అధికార పక్షం వాళ్లు గాలి చూసుకుని తమ టెంటు పీకేశారు. సారు వైపు ఎవరూ మిగల్లేదు. విచారణ కమిటీ వేశారు. ఆయన ఆ గదిలో ఉంటాడో పోతాడో ఇక నా నోటి మాట మీద ఉంది.

విచారణకు రెండు రోజుల ముందు టెంటువాళ్లు నన్ను పెద్దపల్లి పంపారు. అక్కడ సారు పాత శిష్యుడు ఒకాయన దుకాణాల బోర్డులు రాస్తాడు. ఆయన చేత సాక్షి సంతకం చేయించుకు రావాలి. వెళ్లేసరికి బట్టల దుకాణం బోర్డు రాస్తున్నాడు. కాగితం చదివి, కుడిచేయి చాపి వంకరపోయిన కణుపులు చూపించాడు.

"పెడ్త సంతకం. ఇంతకు నిన్నేమన్నడు సారు?"

"అలుకు అన్నడన్నా. రోజు గదే మాట."

ఆయన కుంచె డబ్బా మీద పెట్టాడు.

"అలుకు అన్నడా? నీకా? ఎన్నో నెలల?"

"నాలుగో నెలల."

"నాకు ఏడాది ఆఖరుకు అన్నడు. నా తోటోల్లకు ఒక్కలకు గూడ అనలే." ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అలుకు అంటె నీల్ల రంగు చెల్లే. పెన్సిల్ పక్కకు వెట్టి, కుంచె వట్టి, కాగితం మీద పలుచగ రంగు అలుకుమని. చెయ్యి కుదిరింది, ఇగ రంగుకు రమ్మని. గా మాట కోసం మేం ఏడ్చినం."

నాకు సంతోషం కలగలేదు. ఒళ్లు మండింది. ఆ ముక్క నోరు తెరిచి చెప్తే ఆయన నోటి ముత్యాలు రాలిపోతాయా? రెండు నెలలు నా బొమ్మ తుడవడానికి చేతులు వచ్చాయి, ఒక్క మాట విప్పి చెప్పడానికి నోరు రాలేదు.

"మరి సంతకం వెడ్తవా?" అని అడిగాను.

"నా వేళ్లకైతె పెడ్త. నీ మాట సంగతి నువ్వే చెప్పుకో."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అంతా ఆలోచించాను. ఉన్న సంగతి చెప్తే టెంటు మడుస్తారు. నేను మళ్లీ అలుకుగుడ్డనవుతాను, పైగా మాట అర్థం కాని అలుకుగుడ్డను. కరీంనగర్ బస్టాండులో దిగేసరికి నా నిర్ణయం అయిపోయింది.

విచారణ ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే ఎర్ర సోఫాలో కమిటీ పెద్దలు కూర్చున్నారు. సారును కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, జేబులో ఎప్పటి రబ్బరు ముక్క కనిపిస్తోంది.

"గీ పిల్లను అలుకు అన్నవా లేదా?" అని కమిటీ పెద్ద అడిగాడు.

"అన్న."

"ఎందుకన్నవ్?"

"అలుకాలె గనుక అన్న."

హాలంతా ఒక్కసారి లేచింది. చూశారా ఎంత పొగరో, ఇంకా అదే మాట అంటున్నాడని అరిచారు. ఒక చెప్పు వచ్చి ఆయన భుజానికి తగిలింది. ఆ హాల్లో ఆ జవాబు అర్థమైంది నాకొక్కదానికే. సారు నావైపు చూశాడు. బతిమాలుతున్నట్టు కాదు. క్లాసులో నా వెనక నిలబడి, ఇప్పుడైనా చేస్తుందా లేదా అని చూసేవాడే, అట్లా చూశాడు.

"చెప్పు బిడ్డా, ఎన్నిసార్లన్నడు?"

"రోజు అన్నడు" అన్నాను. అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు. ఆ తర్వాత ఏడ్చాను. ఇంకేమీ అడగలేదు వాళ్లు.

టెంటువాళ్లు ముందే సిద్ధం చేసుకుని వచ్చారు. ఒక బకెట్టులో పెండనీళ్లు, ఒక గుడ్డ తెచ్చి సారు కాళ్ల ముందు పెట్టారు. "నువ్వే అలుకు ఇగ!" అన్నారు. యాభై ఫోన్లు లేచాయి. సారు చొక్కా చేతులు మడిచి, మోకాళ్ల మీద వంగాడు. గుడ్డ ముంచి, నీళ్లు పిండి, అవతలి కొస నుంచి మొదలుపెట్టాడు. ఎడమ నుంచి కుడికి, చెయ్యి ఎత్తకుండా ఒక పట్టీ. దాని అంచు ఆరకముందే ఇంకో పట్టీ దానికి కలుపుతూ. ఎక్కడా చార లేదు, ఎక్కడా మరక కట్టలేదు. ఇన్ని నెలలు కూర్చోబెట్టినా చెప్పని పాఠం, చెప్పు దెబ్బ తిన్నాక ఆ టైల్స్ మీద చేసి చూపించాడు. జనం ఈలలు వేస్తుంటే నేను ఏడుపు ఆపేసి శ్రద్ధగా చూశాను. నీళ్ల రంగు నేను నేర్చుకున్నది అక్కడే.

సారును ఆసిఫాబాద్ వైపు ఒక బడికి డ్రాయింగు టీచరుగా పంపేశారు. చెవిని, మిగతా ప్లాస్టర్ బొమ్మలను కాలేజీ ముందు సుత్తెలతో పగలగొట్టి ఫోటోలు దిగారు. గెలిచిన పక్షం వాళ్లు ప్రొజెక్టరు పెట్టించారు. ఇప్పుడు ఆ గదిలో పాఠం చెప్పేది నేనే. మా పిల్లలు ఫోన్లో బొమ్మ చూసి దాని మీదే కాగితం పెట్టి దించుకుంటారు. నేను ఎవరినీ కొట్టను, ఎవరి బొమ్మా తుడవను. చెవి ఒక్కడికీ రాదు.

ఏటా ఏదో ఒక సభలో నన్ను పిలిచి అలుకు కథ చెప్పమంటారు. శాలువా కప్పుతారు. ఆ కథ లేకపోతే నేనెవరో ఎవరికీ తెలియదు.

మొన్న ఆసిఫాబాద్‌లో బడిపిల్లల బొమ్మల పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. సారు తన పిల్లలను వెంటబెట్టుకుని వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది. తప్పించుకుపోదామని చూశాను, ఆయనే దగ్గరికి వచ్చాడు.

"అలుకుతున్నవా బిడ్డా?"

"అలుకుతున్న సార్."

"అంచు ఆరనియ్యకు."

అంతే అన్నాడు. ఆ మాటకు అర్థం విచారణకు ముందే నాకు తెలుసన్న సంగతి ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు.

ఆ వారమే కరీంనగర్‌లో సభ. అలుకు కథ చెప్పమన్నారు. చెప్పాను. ఎప్పుడూ ఏడ్చే చోటు వచ్చింది, ఏడ్చాను. చప్పట్లు బాగా పడ్డాయి.