మంచినీళ్లలో సముద్రం

సముద్రం మీద గడిపిన రోజుల్లో నేను ఎక్కువగా చూసింది ఓడలో నా పడక మీది రేకు కప్పునే. హిందూపురంలో పుట్టి, బెంగుళూరులో పెళ్లిళ్లకు వీడియోలు తీసి, చివరికి బడిపిల్లల కోసం సైన్సు చిత్రాలు తీసే ఒక చిన్న సంస్థలో కెమెరామన్‌గా చేరినవాడిని. తొంభైల చివర్లో, లోతు సముద్రంలో బతికే ప్రాణుల మీద ఒక చిత్రం తీసే పని మాకు వచ్చింది. చెన్నై నుంచి బయలుదేరే పరిశోధన ఓడలో నాకు చోటు దొరికింది. అందరూ అదృష్టమన్నారు.

రేవు దాటగానే వాంతులు పట్టుకున్నాయి. కెమెరాను మందపాటి ఇనుప పెట్టెలో బిగించి, దీపాలతో సహా తీగకు కట్టి నీళ్లలోకి దించాలి. పెట్టె మూతకు ఒక రబ్బరు వలయం ఉంటుంది. దించే ప్రతిసారీ దాన్ని తుడిచి, జిడ్డు రాసి, ఒక్క వెంట్రుకైనా అడ్డం లేదని చూసుకున్నాకే మూత వేయాలి. మొదటిసారి అన్నీ చేశాను. రెండోసారి తల ఎత్తలేక, నిన్న చూసిందే కదా అనుకుని బిగించేశాను. పైకి లాగి మూత తీస్తే ఉప్పునీళ్లు కారాయి. కెమెరా పోయింది. మొదటి టేపులో ఉన్నది బూడిదరంగు నీళ్లు, దుమ్ములా రాలే తెల్లటి నలకలు, ఒకచోట ఏదో ప్రాణి తోక అంచు. అంతే.

ఆఫీసులో వలయం పాతదన్నాను. పోయిన కెమెరా గురించి ఇంకెవరూ అడగకూడదని, టేపులో మాత్రం కావలసినంత ఉందన్నాను. ఆ మాట అన్న క్షణం నుంచి నాకు నిద్ర లేదు.

ధర్మవరంలో మా అక్కను ఇచ్చాం. బావ పట్టుచీరలు నేస్తాడు. జెల్లీచేపల బొమ్మలు పుస్తకంలో చూపించి, ఇలాంటిది పట్టుతో చేయగలమా అని అడిగాను. ఆయన బొమ్మను కిటికీ దగ్గరకు తీసుకుపోయి చాలాసేపు చూశాడు. "పోగులు ఉడకేసి జిగురు తీస్తే నీళ్లలో ఈ మాదిరే తేలతాయబ్బా" అన్నాడు.

క్షౌరశాలలో చేపల కోసం పెట్టిన గాజుతొట్టిని అడిగి తెచ్చాం. వెనుక నల్లగుడ్డ కట్టి, దీపానికి నీలం కాగితం చుట్టాం. పల్చటి ప్లాస్టిక్ కవరును గొడుగులా కత్తిరించి, దాని అంచుకు బావ పట్టుపోగులు కట్టాడు. బోరునీళ్లు పోస్తే తెల్లగా మసకబారి ఏమీ కనపడలేదు. కుళాయిలో వచ్చే మంచినీళ్లే కావాలి. ఆ ఎండాకాలం కుళాయి వారానికోసారి వచ్చేది. నలకలు చేరి నీళ్లు పాడైనప్పుడల్లా అక్క పట్టి పెట్టుకున్న బిందె ఒకటి తొట్టిలోకి పోయేది.

"సముద్రానికి పోయి నీళ్లు లేవని మా ఇంటికొచ్చినావా?" అంది అక్క. "నీ చేపలకైతే బిందెలు బిందెలు కావాల. రేపు నా పిల్లోల్లు ఏం తాగాల?"

"ఉండే, చేప ఊపిరి తీసుకుంటాండాది" అన్నాడు బావ. సన్నటి దారంతో గొడుగును పైకి లాగి వదులుతున్నాడు. వదిలినప్పుడు పోగులన్నీ ఒక్కసారి విచ్చుకునేవి. అద్దెకు తెచ్చిన కెమెరా కంటిలోంచి చూస్తుంటే నాకే ఒళ్లు జలదరించింది. అది నేను తీసిన వాటిలో అన్నిటికన్నా అందమైన దృశ్యం.

చిత్రంలో దాని మీద, వెలుగు చేరని లోతుల్లో మా కెమెరాకు చిక్కిన అరుదైన ప్రాణి అని వ్యాఖ్యానం వచ్చింది. టీవీలో చూపించారు. కొన్నాళ్లకు పెనుకొండలో ఒక బడివాళ్లు క్యాసెట్ వేసి, నన్ను వచ్చి పిల్లలతో మాట్లాడమన్నారు. బావ కూడా తోడొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిసంచిలో ఏముందో నేను అడగలేదు. ఎవరికీ చెప్పవద్దని ఆయనతో ఎన్నడూ అనలేదు కూడా. అలా అంటే నేను చేసింది మోసమని ఆయనకు తెలిసిపోతుంది. ఆయన మాత్రం చిత్రాలన్నీ అలాగే తీస్తారనీ, అది మా ఇద్దరి పనితనమనీ అనుకున్నాడు.

చిత్రం అయిపోయాక ముందు వరసలోని ఒక పాప లేచింది. "సార్, దానికి నోరు యాడుంటాది?"

నేను గొంతు సవరించుకునేలోగా వెనుక నుంచి బావ లేచాడు. "దానికి నోరు లేదు పాపా. అది పట్టు. మా ఇంట్లో తొట్టిలో నేనే ఆడించినా." సంచిలోంచి పట్టుపోగుల చుట్ట తీసి, చేతిలో విప్పి చూపించాడు.

పిల్లలందరూ నా వైపు తిరిగారు. హెడ్మాస్టరు కూడా. "ఏమప్పా, నిజమేనా?"

నేను నవ్వాను. "మా బావ నేతగాడు సార్. ఆయనకు యాడ చూసినా పట్టే కనపడుతుంది."

గది గదంతా నవ్వింది. బావ పోగులను చిక్కుపడకుండా చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. తిరుగు రైల్లో ఒక్కమాటే అడిగాడు. "పట్టును పట్టు అంటే అబద్ధమెట్లయితాదబ్బా?"

"ఊరికే నవ్వులాటకు అన్నా బావా."

ఆ బడిలో ఒక పంతులు రోజూ ధర్మవరం నుంచి రైల్లో వచ్చి పోయేవాడు. మాట ఆయనతో పాటే వీధికి చేరింది. "ఏమప్పా, ఈ చీర సముద్రంలో ఈదుతాదా?" అని మగ్గం దగ్గరకు వచ్చి మరీ అడిగేవాళ్లు. ఇంకొకడు, "ఇది పట్టా, చేపనా? సరిగ్గా చెప్పు" అనేవాడు. బావ చీర తెచ్చి ఇది పట్టు అంటే షావుకారు మారుమాట లేకుండా తీసుకునే కాలం అది. ఆయన బతుకు ఆ ఒక్క మాట మీదే నడిచింది. ఎగతాళి ఏళ్ల తరబడి సాగింది. నేను రావడం తగ్గించాను. వచ్చినా అక్క వండింది తిని, సాయంత్రం బండికే వెళ్లిపోయేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు ఒకసారి బావ చీర ఇవ్వడానికి పోతుంటే వెంట నడిచాను. దుకాణంలో షావుకారు చీర చెంగులోంచి పోగు లాగి, అగ్గిపుల్ల గీసి కాల్చి వాసన చూశాడు. అప్పటికి నకిలీ పట్టు ఊరంతా వచ్చేసింది. ఎవరి చీరనైనా అలాగే చూస్తున్నారు. అందులో నా పాపం ఎంతో చెప్పలేను, కానీ ఏమీ లేదని అనుకోవడానికి మనసు ఒప్పలేదు.

"ఆ టీవీలో వచ్చిన జెల్లీచేప నిజంగానే మా బావ పట్టు. పెనుకొండలో నేనే అబద్ధమాడినా" అన్నాను.

షావుకారు వేలి మసి తుడుచుకుంటూ నవ్వాడు. "బావ కోసం బాగా చెప్తాండావప్పా. కాఫీ తాగుతావా?"

బయటకు వచ్చాక బావ నడక ఆపకుండానే అన్నాడు. "ఈడ చెప్పి ఏం లాభం? నవ్వింది ఆ పిల్లోల్లు. వాల్లకు చెప్పాల్సింది."

ఆ మాటలో కోపం లేదు. బాగా అలిసిపోయిన మనిషి గొంతు అది. ఆ పిల్లలు అప్పటికే కాలేజీలకు, పనులకు వెళ్లిపోయి ఉంటారు. అయినా బడి ఉంది, క్యాసెట్ ఉంది, ప్రతి ఏడూ కొత్త పిల్లలు దాన్ని చూస్తూనే ఉండవచ్చు.

మరునాడు ఉదయం హిందూపురం బండి పెనుకొండలో ఆగింది. దిగి బడికి పోదామని సంచి ఒళ్లో పెట్టుకున్నవాణ్ణి, కిటికీ పక్కన కూర్చునే ఉన్నాను. బడికి సెలవులేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. సెలవులు కావు. యూనిఫారాల్లో పిల్లలు పట్టాలు దాటి పోతూ కనపడుతూనే ఉన్నారు.